గుడ్డు నాటి సీనియారిటీ

ఒక పెద్ద అడవిలో కుందేళ్లనీ ఉడతలనీ బుట్టల్లో కూర్చోబెట్టి లోయ దాటించే కంపెనీలు రెండుండేవి. కొంగలది పాతది. గద్దలది నిన్నగాక మొన్న పుట్టింది. సింహం ఆ రెండింటినీ కొనేసి ఒకటి చేసింది. సీనియారిటీ సంగతి మీరే తేల్చుకోండని చెప్పి నిద్రపోయింది.

ఆ క్షణం నుంచి గద్దల కెప్టెన్ చండతుండుడికి కంటి మీద కునుకు లేదు. రెండు కంపెనీల్లోనూ రూలు ఒకటే: గుంపులో సీనియర్ ముందుండాలి, జూనియర్ దాటకూడదు. ఇన్నాళ్లూ అతనే మొదటివాడు. ఉద్యోగంలో చేరిన తేదీ చూస్తే మాత్రం మీసాలు రాని కొంగపిల్లల తోక పట్టుకుని ఎగరాలి. అంతకంటే చావు నయమనిపించింది.

ఉద్యోగంలో చేరింది ఆలస్యంగానే గానీ, గద్దల్లోనూ కొంగల్లోనూ వయసులో అతనే పెద్ద. అందుకని సభలో కొత్త వాదన తీశాడు. "రెక్కలు మొలిచింది గుడ్డులోనే కదా. సర్వీసు అక్కణ్ణుంచే లెక్కెయ్యాలి."

కొంగల నాయకుడు శ్వేతాంబరం మండిపడ్డాడు. "గుడ్డులో ఎవర్ని ఎక్కించుకుని ఎక్కడ దింపావయ్యా?"

ఓటింగు పెడితే రెండు వైపులా ఓట్లు సరిసమానంగా వచ్చాయి.

అప్పుడు చండతుండుడి కన్ను మూటలు మోసే ఈము పక్షి నాంచారమ్మ మీద పడింది. రెక్కలున్న ఉద్యోగులందరికీ ఓటూ, సీనియారిటీ జాబితాలో చోటూ ఇద్దామన్నాడు. ఇస్తే పోయేదేముందని కొంగలూ నవ్వి ఒప్పుకున్నాయి. ఆవిడ ఓటుతో అతను నెగ్గాడు. ఆవిడ వయసెంతో అడగాలని ఎవరికీ తోచలేదు. మూటలు మోసేవాళ్ల వయసు ఎవరడుగుతారు?

జాబితా తయారయ్యాక చూస్తే నాంచారమ్మది ఒకటో నంబరు, చండతుండుడిది రెండు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మూటలు కింద పడేసి, కెప్టెన్ టోపీ పెట్టుకుని అందరికంటే ముందొచ్చి నిలబడింది.

"అమ్మా, నువ్వు ఎగరలేవు కదా," అన్నాడు చండతుండుడు, గొంతు తగ్గించి.

"ఎగరాలని రూల్లో లేదు నాయనా. నన్ను దాటకూడదని ఉంది," అని నాంచారమ్మ లోయలోకి నడక మొదలెట్టింది.

కంపెనీ మొత్తం బుట్టలు మోసుకుంటూ ఆవిడ వెనకే నడిచింది. ఇంతకంటే మేమే తొందరగా పోతామని కుందేళ్లు దిగి వెళ్లిపోయాయి. చేరిన తేదీకే తిరిగి పోదాం, అందరం ఎగరొచ్చని శ్వేతాంబరం బతిమాలాడు. చండతుండుడు ససేమిరా అన్నాడు. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగి, కొంగలన్నీ తన వెనకే కుంటుతున్నాయని చూసుకుని తృప్తిపడ్డాడు.

నీతి: కాళ్లు అరిగిపోయినా ఫర్వాలేదు గానీ, జూనియర్ వెనకాల మాత్రం ఎగరకూడదు.