వదీ ఒంటికి రంగు

వదీకి ఎండంటే ఇష్టం, పెళ్లామంటే భయం. ఈ రెండూ ఒకే సముద్రపు ఒడ్డున కలవడంతో వచ్చింది చిక్కు.

సముద్రపు ఒడ్డునున్న బత్రూన్ ఊరి బజారులో అతనిది చెప్పుల కొట్టు. ఎండకు కాగిన ఒంటి రంగే అందమనుకునే ఊరది. కిందటి చలికాలంలో డాక్టరు అతని వీపు మీద పెరుగుతున్న పుట్టుమచ్చ కోసి, పరీక్షకు పంపి, ఈసారికి గండం గడిచింది గానీ ఇక క్రీము పూసుకోకుండా ఎండలోకి వెళ్లొద్దన్నాడు. డాక్టరు ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. భార్య నుహాద్ ఆనాటి నుంచీ చెబుతూనే ఉంది.

ఈలోగా కూతురు రీమా నిశ్చితార్థం దగ్గరపడింది. నుహాద్ అన్న షౌకీ అప్పటికే రాగి బిందెలా నిగనిగలాడుతూ, అంతా బీచి ఎండ మహిమేనంటూ తిరుగుతున్నాడు. ఫోటోల్లో ఆ బిందె పక్కన తాను పెరుగు ముంతలా నిలబడాలా అని వదీకి దిగులు పట్టుకుంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూసి సన్‌స్క్రీన్ అంతా సింకులో ఒంపేశాడు. ఆ సీసాలో ఒంటికి ఎండ రంగు త్వరగా పట్టించే క్యారెట్ నూనె నింపాడు. ఇక పెళ్లామే తన చేత్తో తనను దోరగా వేయిస్తుంది. నేరం ఆమెది, నిగారింపు తనది.

ఆదివారం ఒడ్డున బోర్లా పడుకుని కళ్లు మూసుకున్నాడు. నుహాద్ వీపంతా రుద్దింది. ఆరోగ్యం విషయం కదా, ఇంకాస్త పూయమన్నాడు భక్తిగా. ఆమె ఇంకాస్త పూసింది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే వీపు మీద మీగడ తెలుపు. మరుసటి ఆదివారమూ అంతే. నూనె అమ్మినవాణ్ణి మనసులో తిట్టుకున్నాడు గానీ ఇంట్లో అడగడానికి నోరేదీ? క్రీము బాగా పనిచేస్తోందని ఏ మొగుడు ఫిర్యాదు చేస్తాడు?

చివరికి ఉండబట్టలేక, బాల్కనీలో కాఫీ తాగుతూ, ఆ క్రీము పాతబడిందేమో అన్నాడు ఏమీ ఎరగనట్టు.

"లేదే, కొత్తది కొన్నా," అంది నుహాద్. "పాతదాంట్లోంచి క్యారెట్ల వాసనొచ్చింది. పారబోయడమెందుకని ఈ చెక్క కుర్చీలకు పట్టించా. చూడు, ఎంత రంగొచ్చాయో."

వదీ తాను కూర్చున్న కుర్చీ చేతుల వంక చూశాడు. అచ్చం షౌకీ బావ రంగు. కుర్చీకి రంగు పట్టింది, తన రంగు బయటపడింది. కాఫీ కప్పులోకి తల దూర్చాడు.

నుహాద్ నవ్వలేదు. "ఆ మచ్చ రిపోర్టు వచ్చేదాకా నాకు కంటి మీద కునుకు లేదు, వదీ. పిల్ల నిశ్చితార్థానికి నువ్వు తెల్లగా ఉన్నా, నల్లగా ఉన్నా ఫరవాలేదు. ఉండాలి, అంతే."

వదీ కప్పు పక్కన పెట్టి, కుర్చీని ఆమె దగ్గరకు జరుపుకున్నాడు.

నిశ్చితార్థం ముందురోజు ఆమే ఒక ట్యూబు తెచ్చింది. ఎండతో పనిలేకుండా రంగు తెచ్చే క్రీమట. వదీ చొక్కా విప్పి, మసాలాకు సిద్ధమైన కోడిలా చేతులు చాపి నిలబడ్డాడు. ఆమె మొహానికీ మెడకూ చేతులకూ ఓపిగ్గా పూసింది.

మర్నాడు విందులో షౌకీ బావ అతన్ని ఎగాదిగా చూసి, చెయ్యి పట్టుకుని ఓ మూలకు లాక్కెళ్లాడు. ఏ బీచికి వెళ్లావని అడుగుతాడేమోనని వదీ ఒక మంచి అబద్ధం సిద్ధం చేసుకున్నాడు.

షౌకీ అతని మెడ దగ్గరకు వంగి, వాసన చూసి, గొంతు తగ్గించాడు.

"నీక్కూడా మా చెల్లే తెచ్చిచ్చిందా?"