హిట్టయిన వాషింగ్ మెషీన్

ఆ రోజు చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం కెమెరావాళ్లు వచ్చేలోగా రెండు దుప్పట్లు పాత వాషింగ్ మెషీన్‌లో పడేసి తిప్పి చూసుకోవాలి, అంతే.

ఆ ఏడు ఎక్కడ విన్నా చిట్టి తన గదిలో కూర్చుని చేసిన డాన్స్ పాటే. జిమ్ముల్లో, టాక్సీల్లో, చెప్పుల షాపుల్లో కూడా. దాని ప్రాణమంతా “డబ్ డబ్... డబడబ” అనే దరువులో ఉంది. చిన్నప్పుడు ఆదివారాలు ఆ దరువుకే చిట్టికి మెలకువ వచ్చేది. మెషీన్ ఊగిపోకుండా నాన్న మూత మీద కూర్చుని పేపరు చదువుకునేవాడు. అప్పుడే సరదాగా ఫోన్‌లో రికార్డు చేసింది. నాన్న పోయాక అమ్మ ఆ మెషీన్ ముట్టుకోలేదు.

ఇప్పుడెవరో ఆ దరువు తమదేనని గొడవ లేపారు. మెషీన్ కెమెరా ముందు మోగకపోతే పాట తీసేస్తామని దాన్ని విడుదల చేసిన మ్యూజిక్ కంపెనీ తేల్చేసింది.

చిట్టి స్విచ్చి వేసింది. మెషీన్ చడీచప్పుడు లేకుండా తిరిగింది.

“అమ్మా! దీనికేమైంది?”

“నిన్న బాగు చేయించానే. నలుగురూ చూడ్డానికొస్తుంటే ఆ డబడబలేంటి, పరువు తక్కువ!”

“వాళ్లొచ్చేదే ఆ డబడబ కోసం!”

మెకానిక్ మళ్లీ వచ్చాడు. “చెడగొట్టమని నన్ను పిలిచినవాళ్లు మీరే మొదలండీ” అంటూ నట్లన్నీ వదులు చేశాడు. మెషీన్ గడగడలాడింది, దరువు మాత్రం రాలేదు. అమ్మ లోపల రెండు జతల బూట్లు వేసింది. మెషీన్ నాలుగడుగులు నడిచి పైపు తెంపుకుంది. నీళ్లు మెట్లు దిగుతుంటే కెమెరావాళ్లు మెట్లెక్కుతున్నారు.

అప్పుడు కాళ్ల కింద నేల అదిరింది. డబ్ డబ్... డబడబ!

అందరూ కిందికి పరుగెత్తారు. కింది వాటాలో డ్రాయింగు మాస్టారు స్టూలెక్కి కర్రతో సీలింగును పొడుస్తున్నాడు.

“మీరా మాస్టారూ?”

“నేనే! అన్నేళ్లూ ఆ మోత ఆపమని కొట్టానా? మీ నాన్న వింటేగా! పైగా మెట్ల మీద ఎదురుపడి, ‘ఏం మాస్టారూ, కర్ర అరిగిందా?’ అనేవాడు.” మాస్టారు కర్ర దించాడు. “ఇవాళ మళ్లీ మోత వినగానే... ఆయనే వచ్చి కూర్చున్నాడేమో అనిపించిందమ్మా.”

చిట్టి ఆ కర్ర అరిగిన కొనను తడిమి చూసింది.

“సార్, మాకోసం ఇంకొక్కసారి” అన్నాడు కెమెరా అతను.

మాస్టారు తల దువ్వుకుని, చిరునవ్వుతో కొట్టాడు. దరువు చప్పగా పడింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే.

“ఈయనకి కోపం రావాలి” అంది అమ్మ. ఒకడుగు ముందుకేసి, “మాస్టారూ, మీ గోడ మీద ఆ బొమ్మ గాడిదేనా?” అని అడిగింది.

“గుర్రం!”

దరువు దద్దరిల్లిపోయింది. దరువు పుట్టిల్లు ఇదేనని కెమెరా సాక్షిగా తేలి, పాట నిలబడింది.

కంపెనీ రెండో పాట కూడా అడిగింది. మాస్టారి వంట గురించి ఏమనాలా అని అమ్మ ఆలోచిస్తోంది.