పోపు పెట్టిన ప్రయోగం

కుముదినికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఉడకనిదేదో తన ఇంట్లో ఎవరి కడుపులోకో వెళ్లిపోతుందని. పదో తరగతి మధ్యలో మానేసిన చదువులో ఆమెకు గట్టిగా గుర్తున్న పాఠం, నీళ్లు కాచి తాగాలన్నదే. కొడుకు పుట్టాక జర్మనీలోని ఆకెన్‌లో ఆ ఇంటి పొయ్యికి సెలవు లేకుండా పోయింది.

ఆ ఉదయం ఫ్రిజ్‌లో ఒక సీసా కనిపించింది. నల్లబడిన పచ్చి బంగాళాదుంప రసం. భర్త ఉమేశ్ స్నానానికి వెళ్లాడు.

"నిన్న పొట్ట తగ్గాలన్నారు, ఇదన్నమాట సంగతి! పచ్చిగా తాగితే ఇంకేమైనా ఉందా?" అనుకుని, రసాన్ని తెర్లించి, ఉప్పు, మిరియాలు వేసి, జీలకర్ర పోపు పెట్టి, చల్లార్చి అదే సీసాలో పోసింది.

ఉమేశ్ చూసుకోకుండా సీసా సంచిలో వేసుకుని బస్సెక్కాడు. యూనివర్సిటీలో ఆరోజు విద్యార్థులతో ఎంజైముల ప్రయోగం చేయించాలి. పెరాక్సైడులో దుంపరసం పోస్తే నురగ లేస్తుంది. ఎంత వేగంగా లేస్తే ఎంజైము అంత చురుగ్గా ఉన్నట్టు. పాఠం చూడ్డానికి ప్రొఫెసరమ్మ వచ్చి కూర్చుంది. ఉమేశ్ ఉద్యోగం పొడిగించాలో వద్దో తేల్చేది ఆవిడే.

రసం పోశారు. నురగ లేదు. పెరాక్సైడు పాతదేమోనని కొత్త సీసా విప్పారు. లేదు. చలికేమోనని కిటికీలు మూసి హీటరు పెంచారు. అందరికీ చెమట పట్టింది గాని నురగ పట్టలేదు.

కరీంనగర్ నుంచి వచ్చిన విద్యార్థి విశ్వతేజ గొట్టం వాసన చూశాడు. "సార్, గిది చారు సార్. జీలకర్ర గూడ ఏసిన్రు."

ఉమేశ్ ఇంటికి ఫోన్ చేశాడు. "కుమూ! రసం ఏం చేశావ్?"

"కాచానండీ. తాగారా?"

"కాచావా! ఎంజైము చచ్చిపోయింది!"

"అయ్యో! ఎవరండీ పాపం, పిల్లలున్నారా?"

"పచ్చి దుంపలు పట్టుకుని రా తల్లీ!"

అరగంటలో కుముదిని దుంపలతో, తురుముపీటతో, చంకలో కొడుకుతో దిగింది. పిల్లాణ్ణి దగ్గరున్న ప్రొఫెసరమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, దుంపలు తురిమి, చున్నీలో వేసి పిండింది. ఆ రసం పోయగానే నురగ గొట్టాలు దాటి, బల్ల దాటి, ప్రొఫెసరమ్మ బూట్ల మీదికి దిగింది. పిల్లాడు చప్పట్లు కొట్టాడు. ఉమేశ్ కళ్లు మూసుకున్నాడు.

"కాచింది పనిచేయలేదు, పచ్చిది చేసింది," అంది ప్రొఫెసరమ్మ. "వేడికి ఎంజైము పాడవుతుందని ఇంత బాగా ఎవరూ చూపించలేదు. ఈ ఆలోచన ఎవరిది?"

"మేడందే!" అన్నాడు విశ్వతేజ, కుముదినిని చూపించి.

ఉమేశ్ ఉద్యోగం నిలిచింది. గురువారాలు కుముదినిని కూడా ల్యాబుకు రమ్మన్నారు.

ఆకెన్‌లో మీకు తెలిసినవాళ్లుంటే, ఈ గురువారం ఉమేశ్‌ను ఒకసారి చూసి రమ్మనండి. ఆరోజు వంట ఆయనది; ఉడికిందని కుముదిని ఒప్పుకునేదాకా అది పొయ్యి దిగదు.