యాభై అడుగుల లోతు బడి

వడ్డెర కాలనీ సర్కారు బడి ఏడాదికి రెండడుగుల చొప్పున భూమిలోకి దిగుతుంది. ఇప్పటికి యాభై అడుగులు దిగింది. దీంట్లో నోరెళ్లబెట్టాల్సిందేమీ లేదు. రిజిస్టరులో 'కుంగుడు' అని ఒక గడే ఉంది, అయ్యవారు ఏటా జూన్‌లో నింపుతాడు. రోడ్డవతల ఫీజుల బడి అంతే లెక్కన పైకి లేస్తుంది. దానికీ ఒక గడి ఉంది.

బావులు తవ్వే ఓబులమ్మ రోజూ పిల్లల్ని మోకు కట్టి దించుతుంది, సాయంత్రం లాగుతుంది. గురుకులం ప్రవేశ పరీక్ష రోజున మాత్రం లాగొద్దన్నారు అధికారులు. హాల్ టికెట్టు బడి గదిలోనే తీసుకోవాలి కాబట్టి దిగక తప్పదు. పైకి మాత్రం పిల్ల సొంతంగా రావాలి. మోకు బయటి సాయం, కాపీతో సమానం. నిచ్చెన కావాలన్న ఫైలు ఇంకా జిల్లా ఆఫీసులోనే ఉంది. ఫీజుల బడి పిల్లలు లిఫ్టులో దిగుతున్నారు గదా అని ఓబులమ్మ అడిగింది. లిఫ్టు వాళ్ల బడిలో భాగమని విద్యాధికారి ఓపిగ్గా వివరించాడు.

నలభై రెండు మంది పిల్లల్లో ఎక్కుతానన్నది ఆమె కూతురు రేణుక ఒక్కతే. పదింటికి పరీక్ష గేటు మూస్తారు. తొమ్మిదికి గుంత గోడ పట్టుకుంది.

పైనుంచి రెండు నిలువుల లోతున పెళుసు రాయి పొర ఉంది. అలాంటి పొర మీద కాలు వేయబట్టే ఓబులమ్మ మొగుడు పోయాడు. పిల్ల దాని దగ్గరకొస్తుంటే ఆమె నోరు తెరిచింది.

"మాట సాయం కూడా సాయమేనమ్మా," అన్నాడు పక్కనే నిలబడ్డ అధికారి.

"ఆడ రాయి గుల్ల సారూ. చెప్పకుంటే పడిపోతాది."

"చెప్పు తల్లీ. పరీక్ష అయినాక చెప్పు."

రేణుక ఆగింది. వేలి కణుపుతో రాయిని కొట్టి, చెవి ఆనించి వింది. పక్క రాయిని కొట్టింది. గుల్లగా పలికినవి వదిలేసి, గట్టిగా పలికిన వాటి మీదుగా బల్లిలా పాకింది. ఆ విద్య ఓబులమ్మ ఎన్నడూ నేర్పలేదు. ఇరవై ఏళ్లు రాయి కొట్టిన మనిషికి, ఎక్కుతున్నది పిల్ల కాదు, రాయే ప్రాణం పోసుకుని లేచొస్తోంది అనిపించింది.

పదికి ఆరు నిమిషాలుండగా రేణుక గట్టు మీదికొచ్చింది. నోట కరిచిన హాల్ టికెట్టు తీసి చూపించింది.

"పెన్ను కిందపడె సార్. మీకాడుందా?"

అధికారి కళ్లు చెమర్చాయి. ఇలాంటి పిల్లని తన సర్వీసులో చూడలేదన్నాడు. ఒకరు ఎక్కగలిగారు కనుక నిచ్చెన అనవసరమని రిజిస్టరులో రాసి, ఆ పెన్నే ఆమె చేతికిచ్చాడు.

గట్టు మీద అందరూ చప్పట్లు కొట్టారు. ఓబులమ్మా కొట్టింది. కింద మిగిలిన నలభై ఒక్క మందీ కొట్టారు. పైకి వినపడలేదు.