కాంట్రాక్టు మోచేయి

జావెలిన్ క్రీడాకారిణి గొర్లె హైమావతి కుడి మోచేతిలోని లిగమెంట్ సోమవారం ఉదయం, ఈటె చేయి వదిలిన మరుక్షణం, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంది. టప్‌మని చిన్న చప్పుడయింది. విజయనగరం మైదానంలో ఇలాంటివి మామూలే కాబట్టి మిగతా అమ్మాయిలు పరుగు ఆపలేదు.

హైమావతి మాత్రం మోచేయి పట్టుకుని కూలబడింది. పై ఏడాది రాష్ట్ర పోటీల్లో పతకం వస్తేనే క్రీడా కోటాలో ఉద్యోగం. చేయి పోతే అదీ పోయినట్టే.

కోచ్ అప్పలనాయుడు ఆమెను ఆస్పత్రికి పరుగెత్తించాడు. డాక్టర్ రెహానా స్కానింగ్ చూసి, "పోస్టు ఖాళీ" అంది.

"సెప్పా పెట్టకుండా ఎల్లిపోద్దేటండీ? సెలవడిగితే నానివ్వనా?" అన్నాడు కోచ్.

"ఆరు నెలలుగా అడుగుతూనే ఉంది. నొప్పంటే సెలవు దరఖాస్తే కదండీ. మీరేం చేశారు?"

"స్ప్రే కొట్టినాను."

"అంటే తిరస్కరించారు."

కోచ్ తల గోక్కున్నాడు. హైమావతి కళ్ళు తుడుచుకుంది. "మరి నా సెయ్యి, మేడమ్?"

బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు వంచమంది డాక్టర్. చర్మం కింద సన్నని తాడులాంటి స్నాయువు ఉబికి కనిపించింది. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు. ఉన్నవాళ్ళకూ దానితో పెద్ద పనుండదు. ఆ వారమే ఆపరేషన్ చేసి, ఆ స్నాయువును తీసి, మోచేతి ఎముకల్లో రంధ్రాలు తొలిచి, దాన్ని ఖాళీ పోస్టులో నియమించారు. మూఢమని కూడా చూడకుండా అది విధుల్లో చేరిపోయింది.

"పర్మినెంటేనా, మేడమ్?" అడిగాడు కోచ్.

"కాంట్రాక్టు."

పని నేర్చుకోవడానికి దానికి దాదాపు ఏడాది పట్టింది. పోటీలకు ముందు హైమావతి పూర్తి బలంతో ఈటె విసిరింది.

"నొప్పుందేటే?"

"నేదు సార్. అస్సలు నేదు."

కోచ్ ఊపిరి పీల్చుకుని డాక్టర్‌కు ఫోన్ చేశాడు. "ఎందుకుంటుంది? కాంట్రాక్టు వాళ్ళు సెలవడగరు" అందామె. ఆ సాయంత్రం నుంచి కోచ్ సాధన రెట్టింపు చేశాడు.

పతకం వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది, జిల్లా కార్యాలయంలో, కాంట్రాక్టు పద్ధతిన.

"సెలవులుండవమ్మా," అన్నాడు సూపరింటెండెంట్. "ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తావ్?"

"బాగోకపోడం మానేస్తానండి."

ఆయన తృప్తిగా తలూపి కుర్చీ చూపించాడు. అమ్మయ్య అనుకుంటూ హైమావతి కూర్చుంది.