గుమ్మడికాయ తీర్మానం

"మన ఖరగ్‌పూర్ కార్మికవర్గానికి ఇక మిగిలిన శత్రువు ఒక్కటే. అది తిండి వంక!"

ఐక్య శ్రామిక సంఘం కార్యదర్శి చలపతిగారు రైల్వే వర్క్‌షాపు గేటు మీటింగులో ఈ ప్రకటన చేసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మైకు కూడా చలించి ఒకసారి కుయ్యిమంది.

ఇది ఎనభై ఎనిమిది నాటి సంగతి. అప్పట్లో నేను వైజాగ్ పత్రిక ఒకదానికి ఇక్కడి తెలుగువాళ్ళ విశేషాలు రాసి పంపేవాణ్ణి. చోటు మిగిలితే వేసేవారు. అంతవరకూ జీతాలు, ధరలు వగైరా చిల్లర విషయాల మీద పోరాడిన నాయకుడు ఒక్కసారిగా పళ్ళెంలోకి దిగేసరికి నా కలం పులకించిపోయింది.

"బోనసు సంగతేటి, లీడరుగారూ?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

"బోనసు వస్తే దాంతో ఏటి సేస్తావు? తింటావు. తిండం రానోడికి బోనసెందుకు?"

ఆ అరిచినవాడు కూడా చప్పట్లు కొట్టాడు. నాయకత్వం అంటే అది.

సంఘానికి గేటు బయట సొంత కాంటీను ఉంది. దానికి కూరగాయలు తెచ్చేది లింగయ్య. లింగయ్య చలపతిగారికి బావమరిది. అది చలపతిగారి భార్య త్రిపురసుందరిగారి తప్పే గాని ఆయన తప్పు కాదు. ఆ ఏడు చుట్టుపక్కల పల్లెల్లో గుమ్మడి విరగకాసింది. రైతులు దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ కాయలు ఇచ్చేస్తున్నారు. లింగయ్య లారీ వేసుకుని దారిన పోయాడు.

ఇక చూడండి. సోమవారం గుమ్మడికాయ కూర. మంగళవారం గుమ్మడికాయ పులుసు. బుధవారం మార్పు కోసం పులుసు ముందూ కూర వెనకా వడ్డించారు. గురువారం బెంగాలీ సోదరుల గౌరవార్థం అదే కూరని కుమ్‌డో అన్నారు. కొన్నాళ్ళకి పళ్ళేలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగి రాసాగాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు లింగయ్య. ఆ చేతులతోనే ఇంకో లోడు దింపించాడు. దాంతో తప్పెవరిదో తేల్చక తప్పలేదు. తప్పు నాలుకలదని చలపతిగారు తేల్చారు.

చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఎర్ర పట్టీలు కట్టుకున్న పరిశీలక దళాన్ని నిలబెట్టారు. పళ్ళెంలో ముక్క మిగిలితే పేరు రాసుకుంటారు. భయం మహా గొప్ప ఊరగాయ. రెండు రోజుల్లో పళ్ళేలన్నీ అద్దాల్లా తయారయ్యాయి. ఒక్క సమూయేలు పళ్ళెం తప్ప.

సమూయేలు ఫౌండ్రీలో హెల్పరు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒకే ఒక్క గది అతని ఇల్లు. అందులో తల్లి ఎలీసమ్మ, భార్య కృపమ్మ, నలుగురు పిల్లలు. వానొస్తే తడవని మూల ఒక్కటే ఉంటుంది, అందులో పడుకోవడానికి వంతులు. తాల్‌బగీచాలో సంఘం సభ్యుల కోసం కట్టించిన రెండు గదుల ఇళ్ళున్నాయి. వాటిలో ఒకదానికి తాళం వేసి ఉంది. వరసలో తరవాతి పేరు సమూయేలుది. ఆ తాళంచెవి చలపతిగారి జేబులో, ఆయన మాట్లాడుతున్నంతసేపూ చప్పుడు చేస్తూ ఉండేది.

సమూయేలు నిజానికి తిండికి పేచీ పెట్టే మనిషి కాదు. మాడిన అన్నం తింటాడు. నిన్నటి చద్దన్నం తింటాడు. చేప తలకాయతో సహా నమిలేస్తాడు. గుమ్మడికాయ దగ్గరే గొంతు మొరాయిస్తుంది. పాపం, కొన్నాళ్ళు భక్తితో నెట్టుకొచ్చాడు. మామూలుగా రెండు ముక్కల్లో ముగించే భోజన ప్రార్థనని, ఆ రోజుల్లో భూగోళంలో ఉన్న దేశాలన్నిటి క్షేమం కోరుతూ సైరను కూసేదాకా చేసేవాడు. సైరను కూస్తే పనిలోకి పరుగెత్తాలి కదా. ఇది కనిపెట్టి చలపతిగారు ప్రార్థనకి ఒక్క దేశం చాలునని ఉత్తర్వు వేశారు.

సంఘం ఆఫీసులో విచారణ జరిగింది. వార్త కోసం నేనూ ఓ మూల కూచున్నాను.

"ఏటిరా సమూయేలూ, గుమ్మడికాయ నీకేటి అన్యాయం సేసింది?"

"ఏటీ లేదండి. గొంతు దిగదండి. సిన్నప్పట్నుంచీ అంతేనండి."

"ఎవుడి గొంతది?"

"నాదేనండి."

"నినాదాలిచ్చినప్పుడు ఎవుడి గొంతుతో ఇస్తన్నావు? సంఘం గొంతుతో. మరి తిన్నప్పుడు సొంత గొంతు ఎక్కణ్ణించి వొచ్చింది? దీన్నే బూర్జువా లక్షణం అంటారు. రాసుకోండి రిపోర్టరుగారూ."

రాసుకున్నాను. రాసుకుంటూ, "కొందరికి కొన్ని పడవు కదండీ. మీ పెద్దాఫీసరుగారు వంకాయ ముట్టరట," అన్నాను వినయంగా.

"అది డైటు."

"మరి సమూయేలుది?"

"గతున్నోడు వొద్దంటే డైటండీ. గతిలేనోడు వొద్దంటే వంక. ఇందులో మీకు తెలీంది ఏటుంది?"

"తమరు మాత్రం కాంటీన్లో తినగా చూడలేదు."

చలపతిగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "నేను తింటే ఒక కార్మికుడి వాటా తగ్గిపోదా!" అన్నారు. ఆ త్యాగానికి నేను తల వంచేశాను. తల వంచితే బల్ల కింద ఇంటి కారియరు కనిపించింది. అందులోంచి రొయ్యల వేపుడు వాసన వస్తోంది.

తీర్పు చెప్పారు. వచ్చే నెల సంఘం మహాసభ. కలకత్తా నుంచి రాష్ట్ర నాయకుడు ప్రద్యోత్ దా, అంటే ప్రద్యోత్ అన్న, వస్తున్నారు. ఆయన ఎదుట, స్టేజీ మీద, సమూయేలు పళ్ళెం నిండా గుమ్మడికాయ కూర తిని, తనని తాను జయించానని నిరూపించుకోవాలి. తింటే ఇల్లు. తినకపోతే వరసలోంచి పేరు తీసెయ్యడం.

"ఠీక్ హై?" అన్నారు.

"ఠీక్ హై అండి," అన్నాడు సమూయేలు. ఇంకేమంటాడు!

ఆ నెలంతా ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని ఆ ఒక్క గదిలో శిక్షణ జరిగింది. విశేషం రాద్దామని ఒకసారి వెళ్ళాను. కృపమ్మ చింతగింజంత ముక్కని చేపల పులుసులో దాచి పెట్టింది. సమూయేలు దాన్ని నాలుకతోనే పట్టుకుని బయటికి పరిగెత్తాడు. కాలవ దగ్గర అతను కక్కుకుంటుంటే ఆఖరి పిల్ల నవ్వింది. రెండోసారికి నవ్వలేదు.

"ఒరే, ఇస్రాయేలీలు ఎడారిలో నలభై ఏళ్ళు దేవుడిచ్చిన ఒక్క మన్నాయే తిన్నారు. ఒక్క ముక్క తిన్లేవా నువ్వు?" అంది ఎలీసమ్మ మంచం మీంచి.

"ఆలూ సణిగినారమ్మా."

"అందుకే ఆలకి ఇల్లు దొరకడానికి నలభై ఏళ్ళు పట్టింది. మింగు!"

కృపమ్మ పక్కన కూచుని ముద్దలు కలిపి పెట్టింది. "కళ్ళు మూసుకో అయ్యా. ఇది కూరనుకోకు. ఇది తలుపు. మింగినావా? ఇది కిటికీ. ఇదుగో, ఇది రెండో గది. అందులో అత్తమ్మ పడుకుంతాది, పిల్లల కాళ్ళు తగల్వు."

రెండో గది కొంచెం సేపు గొంతులో ఆగింది. తరవాత దిగింది.

మహాసభకి రెండు రోజుల ముందు మళ్ళీ వెళితే, సమూయేలు పళ్ళెం ఖాళీ చేసి, "కూసింత ఉప్పు తగ్గింది," అన్నాడు. కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటివి పత్రికలో వేయరు కాబట్టి రాయలేదు.

మహాసభ రోజు షామియానా వేశారు. వేదిక మీద ప్రద్యోత్ దా, తెల్లని ధోతీలో, భోజనానికి అరిటాకు ముందు కూచున్నారు. పక్కనే చిన్న బల్ల దగ్గర సమూయేలు. అతను నమలడం అందరికీ వినపడాలని మైకుని నోటి దగ్గర పెట్టారు. ముందు వరసలో ఆడవాళ్ళ మధ్య కృపమ్మ.

"దాదా! ఒకప్పుడు ఈ కార్మికుడు తిండి వంకలకి బానిస. ఇవాళ సంఘం ఇతణ్ణి విముక్తుణ్ణి చేసింది!" అని చలపతిగారు చెయ్యూపారు.

సమూయేలు కళ్ళు మూసుకుని తలుపు తిన్నాడు. కిటికీ తిన్నాడు. ప్రతి ముద్దకీ మైకులో చప్పుడు, జనంలో చప్పట్లు.

అప్పుడు ప్రద్యోత్ దా ఆకులో పసుపుపచ్చగా పడ్డదాన్ని వంగి చూసి ఇదేమిటన్నారు. "ఎటా కీ? కుమ్‌డో?"

"హా, దాదా!" అన్నారు చలపతిగారు ఛాతీ విరుచుకుని.

దాదా ఒక్క వేలితో ఆకుని అవతలికి నెట్టారు. "ఆమి కుమ్‌డో ఖాయి నా," అన్నారు. నేను గుమ్మడికాయ తినను అని దానర్థం. "ఛోటో బేలా థేకే." అంటే చిన్నప్పటి నుంచీ అంతేనట.

చప్పట్లు ఆగిపోయాయి. సమూయేలు నమలడం ఒక్కటే వినిపిస్తోంది.

సామాన్య నాయకుడైతే ఆ క్షణాన కూలబడేవాడు. చలపతిగారు సమూయేలు నోటి దగ్గర మైకు లాక్కుని, "కామ్రేడ్స్!" అని గర్జించారు. "చూశారా దాదా దీక్ష! ఎదుట పెట్టినా ముట్టలేదు! గుమ్మడికాయ మీద ఇంత మౌన పోరాటం మన దేశంలో ఇంతవరకూ జరగలేదు! దళారులు కార్మికుడి కడుపులో దొర్లించిన ఈ కాయని ఈ సభ ఈ క్షణం నుంచి బహిష్కరిస్తోంది! సమ్మతమైనవారు చేతులెత్తండి!"

అందరి చేతులూ లేచాయి. అందరికన్నా ముందు లేచింది దళారి లింగయ్య చెయ్యి. రెండు నిమిషాల్లో ఆకులు మార్చారు. అదృష్టవశాత్తూ త్రిపురసుందరిగారి ఇంట్లో దాదా కోసం చేపల పులుసు వండి సిద్ధంగా ఉంది.

సమూయేలు చెయ్యి ఎత్తలేదు. కుడిచెయ్యి కూరలో ఉంది, ఎడంచెయ్యి ఎత్తితే మర్యాద కాదు.

"అడుగో, ఇంకా తింటన్నాడు!" అని పరిశీలక దళం వాడొకడు వేలు చూపించాడు.

సమూయేలు చుట్టూ చూశాడు. పళ్ళెంలో సగం మిగిలుంది. కక్కమంటారో మింగమంటారో తెలియక కృపమ్మ వైపు చూశాడు. ఆవిడ కూచున్న చోటునుంచే, తినీయ్ అన్నట్టు తల ఊపింది. మొత్తం తినేశాడు. జనంలో ఒక్కడు కూడా చప్పట్లు కొట్టలేదు. నేనూ కొట్టలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు అతనికి నోటీసు ఇచ్చారు. నాయకత్వం వద్దన్న ఆహారాన్ని రుచిగా తిన్నట్టు నటించినందుకు, లేదా నటించకుండా తిన్నందుకు, సంజాయిషీ చెప్పాలి. సమూయేలు చెప్పలేకపోయాడు. ఇక ఇల్లు దక్కదనే అనుకున్నాం అందరం. కాని చలపతిగారి హృదయం మీకు తెలియదు. వారం తిరక్కుండా ఆయనే కబురు పెట్టి, జేబులోంచి తాళంచెవి తీసి సమూయేలు చేతిలో పెట్టారు.

"సంఘం మాటంటే మాటే. తింటే ఇల్లన్నాం. తిన్నావు."

ఈ ఔదార్యం ముందు పేజీలో రావలసిన వార్త. నేనూ వాళ్ళ వెంట తాల్‌బగీచా వెళ్ళాను. ఎలీసమ్మని రిక్షాలో ఎక్కించారు. పిల్లలు ముందు పరుగెత్తారు. చలపతిగారూ లింగయ్యా మా వెనకే స్కూటరు మీద వచ్చారు.

తాళం వచ్చింది. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. సమూయేలు భుజంతో నెడితే లోపల ఏదో దొర్లింది. తొంగి చూశాం. మొదటి గది నిండా గుమ్మడికాయలు. రెండో గది గుమ్మానికి అడ్డంగా పైకప్పు దాకా గుమ్మడికాయలు. అడుగువి మెత్తబడి నీరు కారుతున్నాయి.

"సంఘం సరుకు," అన్నారు చలపతిగారు వెనకనుంచి. "అమ్మడానికి లేదు, బహిష్కరించినాం. పారేయడానికి లేదు, వేస్టు సేసినట్టవుతాది. అందుకే బాగా ఆలోచించి నీకు ఇచ్చినాం. సంఘం మొత్తంలో తిండి వంక లేనోడివి నువ్వొక్కడివే."

"ఇయన్నీ నానే తినాలాండి?"

"తొందరేటి లేదు. ఖాళీ అయిన్రోజున సామాన్లు దింపుకో."

లింగయ్య స్కూటరు స్టార్టు చేశాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఎలీసమ్మకి చూపు ఆనదు. రిక్షాలోంచే, "ఏటిరా, ఇల్లు బాగుందా?" అని కేకేసింది.

"నిండుగా ఉందమ్మా," అన్నాడు సమూయేలు.

కృపమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. రెండో గది వైపు కొంచెం సేపు చూసింది. తరవాత పక్కింటికి వెళ్ళి కత్తిపీట అడిగి తెచ్చుకుని, గుమ్మంలో కూచుని, చేతికందిన కాయని ముందుకు లాక్కుంది.