ఉన్ని కింద నూలు

"మన దేశానికి వచ్చే పర్యాటకుడు ఏం కట్టుకోవాలో, పెట్టెలో ఏం సర్దుకోవాలో ఇకమీదట అతని ఖర్మకి వదిలెయ్యం. ఆ బరువు కూడా ప్రభుత్వమే మోస్తుంది" అని పర్యాటక మంత్రిగారు ప్రకటించిన రోజున నాకు కళ్ళు చెమర్చాయి. ఇరవై రెండేళ్ళుగా పాత కోటలో గైడుగా పనిచేస్తున్నాను. ఇన్నాళ్ళూ నా కళ్ళముందే ఎంతమంది తమ బట్టలు తామే సర్దుకుని వచ్చేశారో తలుచుకుంటే సిగ్గేసింది.

మార్గదర్శక పుస్తకం తయారు చేసే కమిటీలో నన్నూ వేశారు. అది గౌరవమే కాదు, నాకు అవసరం కూడా. నా గైడు లైసెన్సు గడువు నెలాఖరుకి అయిపోతోంది. రెన్యువల్ ఫారం మీద మంత్రిగారి సంతకం పడకపోతే కోట గుమ్మం తొక్కనివ్వరు. యాభై దాటాక ఇంకో పని నేర్చుకునే ఓపిక నాకు లేదు, నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు.

సమావేశం మంత్రిగారి చాంబర్లో. అక్కడ ఏసీ ఎప్పుడూ పదహారు మీదే ఉంటుంది. మార్చడానికి వీల్లేదు. రిమోట్ బీరువాలో ఉంది, బీరువా తాళం బదిలీ అయిపోయిన అధికారి దగ్గర ఉంది, ఆయన్ని అడగాలంటే ఫైలు కదలాలి. అందుకని అందరూ స్వెటర్లు వేసుకునే పాలన సాగిస్తున్నారు. మంత్రిగారు కోటు మీద శాలువా కప్పుకుని, చేతులు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఇల్లు ఏసీ, కారు ఏసీ, ఆఫీసు ఏసీ. పదవి చేపట్టిన ఈ నాలుగేళ్ళలో ఆయన ఒక్క నిమిషం కూడా ఎండలో వృథా చెయ్యలేదు.

"పుట్టి పెరిగిన మనకే ఇంత చలిగా ఉంటే, పాపం బయటినుంచి వచ్చేవాళ్ళ గతేంటయ్యా?" అన్నారు దిగులుగా.

"అదే సార్ నా బాధ కూడా" అన్నారు శాఖ డైరెక్టరుగారు, పళ్ళు టకటకలాడుతుండగా.

స్వెటర్లు రెండు, ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు, మఫ్లరు, చేతి తొడుగులు, మంకీ క్యాపు. పావుగంటలో జాబితా ఆమోదం పొందింది. మూలనున్న గుమస్తా ఒకాయన లేచి, "సార్, వాతావరణ శాఖ వాళ్ళు నిన్న నలభై ఒకటి అన్నారు..." అని నసిగాడు.

"అది బయట సంగతి. బయట సంగతి వాళ్ళ శాఖ చూసుకుంటుంది. మన శాఖలో ఎంతుంది?"

"పదహారు సార్."

"అది రాసుకో."

ఇంత స్పష్టమైన బుర్ర నేను ఏ చరిత్రలోనూ చూడలేదు. కోట చరిత్ర మొత్తం నాకు కంఠతా వచ్చు.

అప్పుడు మంత్రిగారు నావైపు తిరిగారు. "ఏమయ్యా గైడూ, నీ అనుభవం కూడా చెప్పు."

నా నోరు ఊరుకోదు. "పల్చటి నూలు బట్టలండి. వదులుగా, లేత రంగువి. వెడల్పు అంచు టోపీ, గొడుగు, నీళ్ళ సీసా. ప్రార్థనా స్థలాలకి వెళ్తే భుజాలు కప్పుకోవడానికో కండువా, మోకాళ్ళు దాటిన బట్టలు..."

బల్ల కింద డైరెక్టరుగారు నా కాలు తొక్కారు. "ఈయన ఉద్దేశం ఏంటంటే సార్, ఉన్ని కింద నూలు."

"భేష్!" మంత్రిగారు బల్ల చరిచారు. "లేయర్స్! ఇలాంటివాళ్ళయ్యా మనకి కావల్సింది. పుస్తకావిష్కరణకి ఫుల్ సెట్‌లో రా. నీ ఫారం మీద అక్కడే సంతకం పెట్టేస్తా."

ఆవిష్కరణ రోజు పొద్దున మా ఆవిడ మంకీ క్యాపు నా తలకి తొడిగి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"మన పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు మీరు."

"సంతకం కోసమే."

"అది పడేదాకా మీరుండాలి కదా" అంటూ తడి తువ్వాలొకటి స్వెటరు లోపల దోపింది.

కోట ముందు ఏసీ టెంటు వేశారు. కారు నుంచి టెంటుకి ఆరడుగులు. మంత్రిగారు వాటిని వీరోచితంగా దాటారు. ఆ వేళకే వచ్చిన ముసలి పర్యాటక దంపతులిద్దరిని సిబ్బంది బయటే నిలబెట్టేశారు. ఒంటి మీద నూలు బట్టలు, నెత్తిన టోపీలు, చేతిలో గొడుగు, భుజాన నీళ్ళ సీసా. ఒక్కటంటే ఒక్క ఉన్ని పోగు లేదు. పెద్దాయన పాపం వేలెత్తి సూర్యుణ్ణి చూపించాడు. అది తమ పరిధిలోకి రాదన్నారు సిబ్బంది.

పుస్తకం ఆవిష్కరించి మంత్రిగారు మైకు పట్టుకోగానే కరెంటు పోయింది. జనరేటరు ఉంది. దాని తాళం కూడా ఆ బీరువాలోనే ఉందట.

ఐదు నిమిషాల్లో మంత్రిగారి మొహం కందగడ్డలా అయింది.

"ఏంటిది?"

"ఎండండీ" అన్నాను.

"ఏ శాఖ?"

శాలువా పోయింది, కోటు పోయింది, చొక్కా పోయింది. బనియనుతో బయటికొచ్చి కోట మెట్ల మీద కూలబడ్డారు. ఆ ముసలావిడ పరుగున వచ్చి గొడుగు పట్టింది. పెద్దాయన తన టోపీ ఆయన నెత్తిన పెట్టి, సీసా అందించాడు. గటగటా తాగేసి మంత్రిగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు చెప్పిందే నిజమయ్యా. నూలే! రేపే పుస్తకం మార్పిస్తా. ముందు నువ్వా దరిద్రం విప్పి అవతల పారెయ్. ఏదీ నీ ఫారం?"

ప్రభుత్వ ఆజ్ఞ ఏదీ నేనంత త్వరగా పాటించలేదు. క్యాపు, మఫ్లరు, స్వెటరు విప్పేసి, చెమటకి తడిసిన ఫారం అందించాను. ఆయన పెన్ను తీశారు. మొదటి అక్షరం పడింది. ప్రాణం లేచొచ్చింది.

కరెంటు కూడా లేచొచ్చింది. డైరెక్టరుగారు మంత్రిగారిని ఉన్నపళంగా టెంటులోకి నడిపించారు. తడి ఒంటి మీద ఆరు ఏసీలు ఒక్కసారిగా కొట్టాయి. నేను ఫారం పుచ్చుకుని వెనకే పరిగెత్తాను.

మంత్రిగారు తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. "చూశారా? నేను చెప్పలేదూ!" అంటూ కోటు తొడుక్కున్నారు. ఆపైన నూలు చొక్కాతో నిలబడ్డ నన్ను చూశారు. "ఎవరయ్యా ఇతను? ప్రభుత్వ కార్యక్రమానికి ఇలాగేనా రావడం?"

పెన్ను మూత పడింది. ఫారం డైరెక్టరుగారి ఫైల్లోకి పోయింది.

మర్నాడు పేపర్లో బనియనుతో మంత్రిగారి ఫోటో వేశారు. కింద, "ఎముకలు కొరికే చలిలో బనియనుతో... పర్యాటకుల్లో ధైర్యం నింపిన మంత్రి" అని రాశారు. వారం తిరక్కుండా నా ఫారం ఇంటికొచ్చింది. ఆ ఒక్క అక్షరం మీద ఎర్ర గీత కొట్టి ఉంది. కారణం కూడా రాశారు: దరఖాస్తుదారు దుస్తులు వాతావరణానికి తగినట్టు లేవు.

మా ఆవిడకి చదివి వినిపించాను. తను నా మెడ మీద చెమట తుడిచింది. ఫారంతోపాటు పంపిన మార్గదర్శక పుస్తకాన్ని అటూ ఇటూ వంచి చూసింది.

"అట్ట గట్టిగానే ఉంది, ఇది మాత్రం పారెయ్యకండి" అని, దాంతో నాకు విసరడం మొదలుపెట్టింది.